నూరు శాతం వెనకున్న లెక్క

సంపాదకులకు,

బడిపంతులుకు సంభావ్యత, గణాంకశాస్త్రం ఎందుకని మీ పత్రికలో వచ్చిన వ్యాసంతో నేను ఏకీభవించను. నలభై దాటాక, బడి పని ముగించుకుని రాత్రుళ్లు కూర్చుని నేను ఆ చదువు చదివాను. పాచికలు, రంగు బంతుల లెక్కలకే నెలలు పట్టింది. ద్విపద విభాజనం అర్థమైన రోజు మాత్రం పదో తరగతి ఫలితాల పట్టిక కొత్తగా కనిపించింది.

ఒక్కో విద్యార్థి పాసయ్యే అవకాశం 90 శాతం అనుకోండి. 6 మంది ఉన్న బడిలో అందరూ గట్టెక్కే అవకాశం 53 శాతం. 60 మంది ఉన్నచోట అది వెయ్యికి రెండు పాళ్లు కూడా ఉండదు. బోధన ఒకటే, పిల్లల శ్రద్ధా ఒకటే. అయినా నూరు శాతం వచ్చిన పంతులుకు సన్మానం, రాని పంతులుకు సంజాయిషీ. అదే చిన్న బడిలో ఇద్దరు తప్పితే శాతం 67కి పడిపోతుంది. నర్సీపట్నంలోని పెద్ద తరగతులకూ, చింతపల్లి కొండల్లోని చిన్న బడులకూ ఒకే కొలబద్ద అన్యాయం.

గణాంకశాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివాకే కలకత్తా వెళ్లారు. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి పొందారు. ఈ శాస్త్రం మనకు పరాయిది కాదు.

ఇకపై ఫలితాలు వేసేటప్పుడు శాతం పక్కన పరీక్ష రాసినవారి సంఖ్య కూడా దయచేసి ప్రచురించండి.

— ఒక గణిత ఉపాధ్యాయుడు, నర్సీపట్నం