మానాలనుకునేవాడికి మందేది?

హైదరాబాద్–విజయవాడ హైవే మీద పరిటాల దగ్గర లారీ ఆపి టీ తాగేవాడికి సిగరెట్టు కావాలంటే ప్యాకెట్టు కొననక్కర్లేదు. ఒక్కటి ఇమ్మంటే ఇస్తారు. ముట్టించుకోవడానికి కొట్టు గుంజకు లైటరు వేలాడుతూనే ఉంటుంది. ప్యాకెట్టులో 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాల్సిందేనని కేంద్రం 2016 నుంచి అమలు చేస్తోంది. మానాలనుకునేవారు ఫోన్ చేయడానికి 1800-11-2356 అనే ఉచిత నంబరును 2018 నుంచి అదే ప్యాకెట్టు మీద అచ్చు వేయిస్తోంది. లూజుగా కొనేవాడికి బొమ్మా కనబడదు, నంబరూ కనబడదు. ఇక బీడీ సంగతి చెప్పేదేముంది? పొద్దంతా క్రషరు దగ్గర రాతి దుమ్ము పీల్చి, దిగగానే బీడీ ముట్టించే కూలీకి తన ఊపిరితిత్తుల పరిస్థితి ఏ డాక్టరూ చెప్పాల్సిన పనిలేదు. కొండపక్క బాట ఎక్కుతుంటే ఆయాసమే చెబుతుంది.

ఇలాంటి మనిషి ఒకరోజు మానేద్దామనుకున్నాడనుకుందాం. ఇప్పుడు అతని చెవిన ముందుగా పడే సలహా వేప్, అంటే ఈ-సిగరెట్. ఇంజినీరింగ్ చదివే కొడుకో, సెలవులకు అమెరికా నుంచి వచ్చిన మేనల్లుడో ‘ఇది పొగ కాదు మామయ్యా, ఆవిరే’ అంటాడు. కొత్తగా మొదలుపెట్టేవారు ఏ పరికరం కొనాలి, ఎంత నికోటిన్ ఉన్న ద్రవం పోయాలి, ఏ రుచి ఎంచుకోవాలి అని ఫోన్‌లో చెప్పేవారికీ కొదవలేదు. మా మాట సూటిగా ఇది: ఈ దేశంలో, ఈ-సిగరెట్లను నిషేధించిన చట్టం ఉన్నంతవరకు, సిగరెట్టు మానడానికి వేప్ దారి పట్టొద్దు. అయితే ఆ దారి మూసేసిన ప్రభుత్వానికి చేతులు దులుపుకొనే హక్కు లేదు. మానాలనుకునేవాడికి మందు, మాట సాయం రెండూ ఊళ్లోకే తెచ్చివ్వాల్సిన బాధ్యత దానిదే.

వేప్ వద్దనడానికి అబద్ధాలు ఆడనక్కర్లేదు. సిగరెట్టు కన్నా వేపే ప్రమాదమని మన దగ్గర కొందరు డాక్టర్లు సైతం అనేస్తుంటారు. అది నిజం కాదు. సిగరెట్టులో ప్రాణం తీసేది ప్రధానంగా మంట. ఆకు కాలితేనే తారు పుడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. ఈ-సిగరెట్‌లో కాలేదేమీ ఉండదు. బ్యాటరీతో చిన్న తీగచుట్ట వేడెక్కి, గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్‌లలో కలిపిన నికోటిన్‌ను ఆవిరి చేస్తుంది. మానిపించడంలో నికోటిన్ గమ్, పట్టీల కన్నా ఇది మెరుగ్గా పనిచేస్తోందని వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ సమీక్షలు తేల్చాయి. బ్రిటన్ ప్రభుత్వం 2023లో పది లక్షల మంది పొగతాగేవారికి వేప్ కిట్లు ఇస్తామని ప్రకటించింది కూడా. గుడ్డికన్నా మెల్ల నయమన్న లెక్క వారిది, లెక్కగా చూస్తే తప్పు లేదు.

కానీ బ్రిటన్‌లో ఆ సీసా వెనక ఒక చట్టం ఉంది. ద్రవంలో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములకు మించి నికోటిన్ ఉండకూడదు. మన దగ్గర ఆ సీసా వెనక ఎవరూ లేరు. 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సుగా వచ్చి, అదే డిసెంబరులో చట్టమైన ఈ-సిగరెట్ల నిషేధం తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నింటినీ నేరం చేసింది. నిల్వ కాక మిగతా వాటిలో తొలిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ పట్టుబడితే మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. తాగినవాడికి విడిగా శిక్ష రాయలేదు గానీ, మేనల్లుడు సూట్‌కేసులో తెచ్చినా అది దిగుమతే. ఇక ఇక్కడ చేతికొచ్చే సరుకు దొంగ సరుకే. లేబుల్ మీద 5 శాతం అని ఉంటుంది. అంటే మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాములు, బ్రిటన్ పరిమితికి రెండున్నర రెట్లు. ఆ అంకెయినా నిజమో కాదో చూసే ఇన్‌స్పెక్టరు లేడు. అమెరికాలో 2019–20లో వేప్‌ల వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని 2,800 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు, 68 మంది చనిపోయారు. ఎక్కువ కేసుల్లో కారణం మామూలు నికోటిన్ ద్రవం కాదు. దొడ్డిదారిన అమ్మిన గంజాయి సారం గొట్టాల్లో కలిపిన విటమిన్ ఈ అసిటేట్. ఏం కలిపారో తెలియని ద్రవం ఊపిరితిత్తుల్లోకి పంపితే ఏమవుతుందన్నదానికి అంతకన్నా రుజువేం కావాలి?

ఇంకో చిక్కుంది. కొత్తగా వేప్ పట్టినవారిలో చాలామంది సిగరెట్టు వదలరు. బస్సులో, ఆఫీసులో ఆవిరి, టీ కొట్టు దగ్గర పొగ. రెండూ సాగిస్తే ఒంటికి దక్కేది దాదాపు ఏమీ లేదు. నికోటిన్ మీద ఆధారపడటం మాత్రం పెరగొచ్చు. అసలు ఈ చర్చ ఎవరి కోసమో కూడా చూడాలి. 2016–17 జాతీయ పొగాకు సర్వేలో దేశంలోని పెద్దల్లో సిగరెట్టు తాగేవారు 4 శాతం, బీడీ తాగేవారు 7.7 శాతం. ఖైనీ, గుట్కా, జర్దా వంటి పొగరాని పొగాకు వాడేవారు 21.4 శాతం. ఖైనీ బుగ్గన పెట్టుకునేవాడికి వేప్‌తో పనేముంది? శ్రీకాకుళం వైపు చుట్ట మండే కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మ అంగిట్లో పుండుకు ఆవిరి యంత్రం ఏం చేస్తుంది? వేప్ మీద ఇంత వాదన పట్టణపు కుర్రవాళ్ల సిగరెట్టు గురించి. జబ్బు మాత్రం బీడీది, ఖైనీది.

అందుకే మా కోపం వేప్ అమ్మేవాడి మీద ఆగిపోదు. 2022 సెప్టెంబరులో కేంద్రం అత్యవసర మందుల జాతీయ జాబితాలో నికోటిన్ ప్రత్యామ్నాయ చికిత్సను చేర్చింది. అత్యవసరమన్న మందు పరిటాల ఉన్న కంచికచర్ల మండలంలో ఏ ఊరి మనిషైనా వెళ్లే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ బిళ్లల పక్కనే ఉండాలి కదా. మందుల షాపులో 2 మిల్లీగ్రాముల గమ్ చీటీ లేకుండానే అమ్ముతారు, నిజమే. బీడీకట్టతో పోలిస్తే దాని ధర కూలీకి ఎక్కువ. పైగా ఎలా వాడాలో చెప్పేవారు లేరు. చాలామంది దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా పటపటా నమిలేస్తారు. ఎక్కిళ్లు వస్తాయి, కడుపులో మంట పుడుతుంది, ఇది మనకు పడదని పారేస్తారు. మెల్లగా నాలుగైదు సార్లు నమిలి, నాలుక చురుక్కుమనగానే బుగ్గకూ చిగురుకూ మధ్య నొక్కిపెట్టి ఉంచాలి. ఆ చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. అప్పుడు నికోటిన్ నోటి లోపలి పొర గుండా ఎక్కుతుంది. ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి ఏఎన్ఎంకు రెండు నిమిషాలు చాలు. పొగ కోసం నాలుక పీకడం కొద్ది నిమిషాలే ఉంటుందని, మొదటి వారం గట్టెక్కితే తేలికవుతుందని చెప్పేవారు ఉంటే సగం పని అయినట్టే.

ఇదేం ప్రభుత్వానికి తెలియని సంగతి కాదు. గ్రామాల్లో ఆశా కార్యకర్త ముప్పై దాటినవారి ఇంటికి వెళ్లి నింపే ఆరోగ్య ఫారంలో పొగాకు గురించి ప్రశ్న ఉంది. అలవాటు లేకపోతే సున్నా, ఒకప్పుడు ఉండి మానేస్తే లేదా అప్పుడప్పుడైతే ఒకటి, రోజూ అయితే రెండు మార్కులు. రెండు వేసుకుని ఆశా పక్క ఇంటికి వెళ్లిపోతే, ఆ అంకె లెక్కల్లో చేరుతుంది గానీ బీడీ జేబులోనే ఉంటుంది. ఆమెను తప్పుబట్టడం లేదు. ఆమె చేతికి మందు ఇవ్వకుండా పెన్ను ఇచ్చారు.

పొగాకు పండించేవాడి విషయంలో ప్రభుత్వాల తీరు వేరు. కృష్ణ దాటి గుంటూరు వెళ్తే పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం ఉంది. 2025లో బర్లీ పొగాకు ధర పడిపోతే రాష్ట్ర ప్రభుత్వమే మార్క్‌ఫెడ్‌ను దింపి రైతు దగ్గర కొనిపించింది. రైతును ఆదుకున్నందుకు మేం తప్పు పట్టం. ఆ రైతు అప్పు మాకు తెలుసు. పండించేవాడికి కష్టమొస్తే వారాల్లో కదిలే యంత్రాంగం తాగేవాడు మానతానంటే ఎందుకు కదలదు?

నిషేధం ఎత్తేయాలనే వారూ ఉన్నారు. కాలేజీ గేటు ఎదురుగా మామిడి రుచి, పుచ్చకాయ రుచి వేప్‌లు వేలాడదీసే రోజు మాకు వద్దు. బ్రిటన్ కూడా పిల్లల చేతుల్లోకి వెళ్తున్నాయని 2025 జూన్ 1 నుంచి ఒకసారి వాడి పారేసే వేప్‌ల అమ్మకం ఆపేసింది. ఆస్ట్రేలియా 2024లో వాటిని మందుల షాపులకే పరిమితం చేసింది. ఎప్పటికైనా ఇక్కడ తలుపు తెరవాల్సి వస్తే ఆ దారినే, మందుగానే తెరవాలి. ఢిల్లీలో ఆ చర్చ ఎన్నేళ్లు సాగుతుందో ఎవరికెరుక. అంతవరకు పరిటాల కూలీని ఆగమని చెప్పలేం.

జిల్లా కలెక్టరు చేయగలిగిన పనులు మాత్రం ఇప్పుడే ఉన్నాయి. నందిగామ, జగ్గయ్యపేట ప్రభుత్వాసుపత్రుల్లో పొగాకు మాన్పించే క్లినిక్ వారానికి ఒక సాయంత్రమైనా నడవాలి. పగటిపూట క్లినిక్కంటే క్రషరు కూలీ ఆ రోజు కూలి పోగొట్టుకుని రాడు. టీ కొట్లలో లూజు అమ్మకం ఆగేదాకా, కనీసం ఆ లైటరు వేలాడే గుంజకే ఉచిత నంబరు తెలుగులో అంటించాలి. గమ్‌ను ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ఇండెంటులో చేర్చాలి. ఆశా ఫారంలో రెండు మార్కులు పడిన ప్రతి పేరుకూ ఎదురుగా మందు ఎప్పుడిచ్చారు, మళ్లీ ఎప్పుడు కలిశారు అన్న రెండు గడులు గీయించి, నెలనెలా వైద్యాధికారుల సమీక్షలో వాటినే అడగాలి. దీనికి పార్లమెంటు సవరణా అక్కర్లేదు, కొత్త పథకం పేరూ అక్కర్లేదు.