బిట్ పేపరుకు అందని చదువు

వంటింటి గూట్లో రాత్రంతా పక్కపక్కనే ఉన్న చెక్క తెడ్డునూ స్టీలు గరిటెనూ పొద్దున్నే ముట్టుకుంటే గరిటె చల్లగా తగులుతుంది, తెడ్డు తగలదు. నిజానికి రెండింటి ఉష్ణోగ్రతా ఒకటే. ఎనిమిదో తరగతి పిల్లల్లో చాలామందికి ఈ మాట మింగుడుపడదు. పరీక్షలో ఒప్పుకున్నట్టే రాస్తారు. బడి దాటాక మళ్లీ ఇనుము స్వభావమే చల్లదనం అంటారు. ఈ రెండు నమ్మకాలూ ఒకే బుర్రలో గొడవ పడకుండా ఎలా కాపురం చేస్తున్నాయి? వాటిని ఎదురెదురుగా కూర్చోబెట్టడానికి కంప్యూటరు ఏమేరకు పనికొస్తుంది? కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో మార్షా లిన్ దశాబ్దాల తరబడి ఈ ప్రశ్నల వెంటే నడిచారు. రెండు తెలుగు రాష్ట్రాలూ బడుల్లోకి తెరలు, ట్యాబులు దింపుతున్న ఈ రోజుల్లో ఆమె పని నుంచి మనం ముందుగా నేర్చుకోవాల్సింది పరీక్షల సంగతి. బడికి యంత్రం వచ్చాక చదువు బాగుపడిందో లేదో మన బిట్ పేపర్లు చెప్పలేవు.

లిన్ 1970లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్ పొందారు. అంతకుముందు జెనీవాలో మనస్తత్వవేత్త పియాజే బృందంతో కొంతకాలం గడిపారు. పన్నెండు పదమూడేళ్ల వయసుకు అమూర్త విషయాలు అందవన్న భావన పియాజే పేరు మీద విద్యారంగంలో బాగా ప్రచారంలో ఉన్న కాలమది. వయసు వచ్చేదాకా ఆగడం కన్నా ఆ వయసుకు తగ్గట్టు పాఠాన్ని మార్చి చూడటం మేలన్న దారి ఆమెది. 1980ల మధ్యలో కాలిఫోర్నియాలోనే వాల్నట్ క్రీక్‌లోని ఒక మిడిల్ స్కూల్లో డగ్ కర్క్‌పాట్రిక్ అనే సైన్సు టీచరుతో కలిసి, ఆపిల్ 2 కంప్యూటర్ల మీద ఆ పని మొదలైంది. ఉష్ణోగ్రతను కొలిచే చిన్న కడ్డీని వైరుతో కంప్యూటరుకు కలిపి నీళ్లలో ముంచుతారు. నీళ్లు చల్లారుతుంటే తెర మీద గీత కిందికి దిగుతూ ఉంటుంది. కూల్‌డ్రింకు చల్లగా ఉండాలంటే అల్యూమినియం రేకు చుట్టాలా, ఉన్ని గుడ్డ చుట్టాలా అని అడిగితే పిల్లల్లో ఎక్కువమంది రేకు వైపే మొగ్గారు. ఉన్ని వెచ్చగా ఉంచుతుందని వాళ్లకు అనుభవమే చెప్పింది కదా! ముందు ఆ ఊహను రాయించి, తర్వాత రెండు గీతలు వాళ్ల కళ్లముందే గీయించి, ఊహకూ గీతకూ తేడా ఎందుకొచ్చిందో మళ్లీ రాయించేవారు.

ఇక్కడ యంత్రం చేసిన పని ఎంత చిన్నదో గమనించాలి. అది పాఠం చెప్పలేదు. నిమిషానికోసారి థర్మామీటరు చూసి, గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి, స్కేలుతో కలిపేసరికి పీరియడు అయిపోయే బాధను తప్పించింది, అంతే. ఆ చిన్న పనికే ఎంతో విలువుందని 1987లో హెదర్ బ్రాసెల్ ప్రచురించిన అధ్యయనం చూపింది. హైస్కూలు పిల్లలు తమ కదలికల గ్రాఫును కదులుతుండగానే తెర మీద చూసినప్పుడు బాగా నేర్చుకున్నారు. అదే గ్రాఫు సుమారు 20 సెకన్లు ఆలస్యంగా వచ్చినప్పుడు ఆ లాభం చాలావరకు జారిపోయింది. ఇరవై సెకన్ల తేడాకే పట్టు సడలితే, ఎప్పుడో ఎవరో చేసిన ప్రయోగాన్ని వీడియోలో చూపించి చేతులు దులుపుకోవడాన్ని ఏమనాలి?

లిన్ బృందం అణువుల కదలికతో మొదలుపెట్టకుండా, వేడి వస్తువు నుంచి చల్లని వస్తువుకు ఉష్ణం ప్రవహిస్తుందన్న సరళమైన నమూనాతో మొదలుపెట్టింది. ఉష్ణాన్ని ద్రవంలా ఊహించుకునే పాత పొరపాటుకు ఇది మళ్లీ తలుపు తీస్తుందన్న ఆక్షేపణ తీసిపారేయదగ్గది కాదు. కానీ ఫ్లాస్కు, స్వెటరు, ఐసుపెట్టె ఎలా పనిచేస్తాయో వివరించడానికి ఆ పిల్లలకు ఈ నమూనా సరిపోయింది. అణువుల భాష నేర్చిన వాళ్లు తరచూ మాటలు వల్లించి అక్కడే ఆగిపోతారు. పై తరగతిలో సవరించుకోగల అర్థం, ఎక్కడా వాడుకోలేని నిర్వచనం కన్నా నయమని నా అభిప్రాయం.

అసలు కీలకం 2003లో డగ్లస్ క్లార్క్‌తో కలిసి లిన్ ప్రచురించిన వ్యాసంలో ఉంది. ఏళ్ల తరబడి మెరుగుపెట్టిన ఆ ఉష్ణ పాఠానికి, సిలబస్‌లో వేరే అంశాలు వచ్చి చేరడంతో, కేటాయించిన సమయం క్రమంగా తగ్గుతూ సగానికి వచ్చింది. పరిశోధకులకు అది అనుకోకుండా దొరికిన ప్రయోగం. అదే పాఠం, సగం గడువు. సరైన జవాబును ఎంచుకునే ప్రశ్నల్లో పిల్లల మార్కులు పెద్దగా తగ్గలేదు. ‘ఎందుకో వివరించు’ అన్నచోట మాత్రం స్పష్టంగా పడిపోయాయి. ఆ బడిలో బిట్ పేపరు ఒక్కటే పెట్టి ఉంటే సమయం సగానికి కోసినా నష్టమేమీ లేదని అధికారులు నిశ్చింతగా నివేదిక రాసుకునేవారు. ఆ కొలబద్దకు కనపడనిది ఏమిటంటే, గరిటె సంగతినీ ఐసుపెట్టె సంగతినీ ఒకే సూత్రంతో ముడివేయగల తెలివి.

ఇప్పుడు మన సంగతి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకే వీడియో పాఠాలు ఎక్కించిన ట్యాబులు పంచింది. అంతకు చాలా ముందే, 2014 ప్రాంతంలో వచ్చిన మన పదో తరగతి భౌతికశాస్త్ర పుస్తకం ఉష్ణం పాఠాన్ని ఒక చెక్కముక్కనూ ఒక లోహపు ముక్కనూ చల్లబరిచి ముట్టుకోమనే కృత్యంతోనే మొదలుపెట్టింది. అంటే పాఠ్యపుస్తకం రాసినవాళ్లకు సమస్య తెలుసు. ఆ కృత్యం తరగతిలో జరగాలంటే కావాల్సింది పీరియడ్లు, తర్వాత పరీక్షలో దాని గురించి ఒక పేరా రాయించే ప్రశ్న. పైగా మనకొక అదనపు చిక్కుంది: వాడుక తెలుగులో ‘వేడి’ ఒక్కటే మాట. ఉష్ణమూ వేడే, ఉష్ణోగ్రతా వేడే, మామిడిపండ్లు ఎక్కువ తింటే చేసేదీ వేడే. వీడియోలో ఒకసారి ‘ఉష్ణోగ్రత’ అని వినిపించినంత మాత్రాన ఈ ముడి విడిపోదు. పిల్లవాడు తన మాటల్లో రాయాలి, ఎవరో ఒకరు చదవాలి.

యంత్రాలు పంచితే ఒరిగేదేమీ లేదని పెరూ అనుభవం చూపించేవాళ్లున్నారు. అక్కడ 319 బడుల్లో ‘పిల్లకో ల్యాప్‌టాప్’ పథకాన్ని పరిశీలించి 2012లో ఇచ్చిన నివేదికలో గణితం, భాష మార్కులు పెరగలేదని తేలింది. కానీ అక్కడ జరిగింది యంత్రం పంపిణీ. దాని చుట్టూ కొత్త పాఠం అల్లలేదు. లిన్ వైపు ఆధారాలకూ లోటుంది. వాటిలో చాలావరకు పాఠం తయారుచేసినవాళ్లే, ఉత్సాహంగా ముందుకొచ్చిన టీచర్ల తరగతుల్లో సేకరించినవి. కాలిఫోర్నియా శివారు బడికీ మన జిల్లా పరిషత్ హైస్కూలుకూ పోలికెక్కడిదన్న ప్రశ్నా న్యాయమైనదే. అయితే 2015లో మొదలై తెలంగాణతో పాటు రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, మిజోరం ప్రభుత్వ బడుల్లో నడిచిన ‘క్లిక్స్’ కార్యక్రమం, పిల్లలు గుంపుగా ఒకే కంప్యూటరు ముందు కూర్చుని చర్చించే పాఠాలను మన దగ్గరే తయారుచేయవచ్చని చూపింది. అన్నిటికన్నా గట్టి ఆక్షేపణ దిద్దుబాటు భారం. వందల వివరణలు చదివే తీరిక ఏ టీచరుకుంది? దీనికి లిన్ బృందం ఇటీవలి ఏళ్లలో వెతికిన జవాబు, పిల్లల రాతకు కంప్యూటరుతోనే ప్రాథమికంగా మార్కులు వేయించి, వెనకబడిన వాళ్లెవరో టీచరుకు తెలియజేయడం. ఆ పరికరాలు ఇంగ్లిషు రాతల మీద తయారయ్యాయి. తెలుగు రాతకు పనికిరావాలంటే ముందు మన పిల్లల చేత తెలుగులో వివరణలు రాయించి పోగుచేయాలి. అప్పటిదాకా టీచరే చదవాలి. అందుకు యూనిట్‌కు ఒకే ఒక్క వివరణ ప్రశ్న పెట్టినా చాలు.

ట్యాబుకు ర్యామ్ ఎంతుండాలో, బ్యాటరీ ఎన్ని గంటలు నిలవాలో టెండరులో రాసే అధికారులకు ఒక్క మనవి. ఆ కాగితంలో మరో వరుస చేర్చండి: ఈ యంత్రంతో చెప్పబోయే ఏ పాఠానికి ఎన్ని పీరియడ్లు కేటాయిస్తున్నారో.