సంస్థ టెలిఫోను కూడా అమానతే

ఏ సంస్థలోనైనా బీరువాకు తాళం ఉంటుంది; ఆ తాళపుచెవికి ఒక బాధ్యుడుంటాడు. నగదు పెట్టెకు లెక్క ఉంటుంది. ఆ లెక్కకు తనిఖీ ఉంటుంది. టెలిఫోనుకు మాత్రం తరచుగా ఈ రెండూ ఉండవు. తిరుపతిలోని వసతి గృహాలు, ఆసుపత్రులు, చిత్తూరు ప్రాంతంలోని మామిడి గుజ్జు కర్మాగారాలు, మనవంటి విద్యాసంస్థలు అన్నీ దానిపై ఆధారపడినవే. అయినా అందరూ వాడుకొనే ఆ వస్తువు ఎవరి బాధ్యతా కాకుండా పోతున్నది. మోసగానికి కావలసినది సరిగా ఇదే.

ఈ సమస్య కొత్తది కాదు. అమెరికాలోని కాన్సాస్ నగరంలో ఆల్మన్ స్ట్రౌజర్ అనే అంత్యక్రియల వ్యాపారి ఉండేవాడు. టెలిఫోను కేంద్రంలోని ఉద్యోగిని తనకు రావలసిన పిలుపులను పోటీదారునికి మళ్లిస్తున్నదని ఆయన అనుమానించాడని ప్రతీతి. మనిషి చేయి పడకుండా పనిచేసే ఎక్స్ఛేంజిని రూపొందించి 1891లో ఆయన పేటెంటు పొందాడు. యంత్రం వచ్చినా దుర్వినియోగం ఆగలేదు. ఒకప్పుడు మన కార్యాలయాలలో గుండ్రని డయలుకు చిన్న తాళం వేసేవారు. రిసీవరు ఆనించే మీటను లెక్క ప్రకారం తట్టితే, తాళం తీయకుండానే నంబరు కలిసేది!

నేడు ఒకే ఎక్స్ఛేంజి నుండి పదుల గదులకు ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి. అనేకచోట్ల అది ఇంటర్నెట్టుతోనూ ముడిపడి ఉన్నది. యంత్రంతోపాటు వచ్చిన పాస్‌వర్డును మార్చకపోతే, దూరాన ఉన్న అపరిచితుడు అందులో ప్రవేశించగలడు. రాత్రివేళ, సెలవు దినాలలో, అధిక రుసుము పడే విదేశీ నంబర్లకు మన లైన్ల మీదుగా గంటల తరబడి కాల్స్ చేయిస్తాడు. ఆ రుసుములో వాటా అతనికి ముడుతుంది; బిల్లు మాత్రం మన పేర వస్తుంది. 2008, 2012 సంవత్సరాల మధ్య ఇట్లే అనేక సంస్థల ఎక్స్ఛేంజిలను కొల్లగొట్టిన ముఠాపై అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో కేసు నడిచింది. నష్టం 5 కోట్ల డాలర్లకు పైబడినదని అక్కడి అధికారులు తేల్చారు. ఆ ముఠా వెదకినది ముఖ్యంగా ఎవరూ వాడని ఎక్స్‌టెన్షన్లనే.

యంత్రజ్ఞానం అక్కరలేని మోసమూ ఉన్నది. "టెలిఫోను శాఖ నుండి మాట్లాడుతున్నాము, లైను పరీక్షించాలి, ఫలానా మీటలు నొక్కండి" అంటాడొకడు. నొక్కితే లైను అతని వశమవుతుంది. మొబైల్ ఫోన్లలో ఇటువంటి వంచన పెచ్చుమీరడం వల్లనే, కోడ్ నొక్కి కాల్స్‌ను మళ్లించే సౌకర్యాన్ని 2024 ఏప్రిల్ 15 నుండి నిలిపివేయవలసిందిగా టెలికాం శాఖ ఆదేశించింది.

మోసం బయటపడిన రోజున ముందుగా ఎవరిని నిలదీస్తారు? ఆపరేటరును, రాత్రి కాపలాదారును. నియమాలు లేనిచోట నిర్దోషి తన నిర్దోషిత్వాన్ని నిరూపించుకోలేడు. కట్టుదిట్టం చేయడమంటే సిబ్బందిని అనుమానించడమే కదా అని కొందరనవచ్చు. నా అభిప్రాయం దీనికి విరుద్ధం. లెక్క వ్రాసిపెట్టిన చోటనే చిరుద్యోగి గౌరవం నిలుస్తుంది. మనకు అప్పగించిన సొత్తును అమానతు అంటాము. దానిని కాపాడే భారం అప్పగింత పుచ్చుకొన్నవారందరిది; అందులో పెద్దవారి వంతే ఎక్కువ.

కనుక యాజమాన్యాలు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. టెలిఫోనుకు పేరు పెట్టి ఒక బాధ్యుని నియమించాలి. వాడని ఎక్స్‌టెన్షన్లను మూయించాలి. అవసరం లేనిచోట విదేశీ కాల్స్ సౌకర్యాన్ని తీసివేయించాలి. యంత్రాన్ని అమర్చినవారు వెళ్లగానే పాస్‌వర్డు మార్చాలి. నెలనెలా బిల్లును చెల్లించడమే కాదు, ఇద్దరు కూర్చుని చదవాలి. వీటిలో దేనికీ పెద్ద వ్యయం లేదు.

విద్యార్థి మిత్రులారా, ఈ బాధ్యత మీ జేబులోనూ ఉన్నది. చిల్లర డబ్బుకు ఆశపడి మీ పేర సిమ్ కార్డు తీసి పరులకు ఇవ్వకండి. విదేశీ కాల్స్‌ను స్థానిక కాల్స్‌గా భ్రమింపజేసే సిమ్ బాక్సులు 2025లో మంచిర్యాల జిల్లా జన్నారం వంటి చోట కూడా పట్టుబడినాయి. వాటిలో వాడే కార్డులు ఎవరో ఒకరి పేర తీసినవే. మోసపూరితంగా సిమ్ కార్డు పొందితే 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం మూడేండ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. మీ పేర ఎన్ని కనెక్షన్లు ఉన్నవో ప్రభుత్వపు సంచార్ సాథీలో చూసుకోండి. ఆర్థిక మోసం జరిగితే సిగ్గుపడి దాచక వెంటనే 1930కి తెలియజేయండి.

బీరువా తాళం ఎవరి వద్ద ఉన్నదని అడిగితే ప్రతి సంస్థా వెంటనే జవాబు చెబుతుంది. టెలిఫోను ఎవరి బాధ్యత అని అడిగినప్పుడూ అంతే వేగంగా జవాబు రావాలి. రాని సంస్థలో, మోసం ఇంకా జరగకపోతే అది అదృష్టమే గాని రక్షణ కాదు.