కళ్లజోడుకు కట్టే కప్పం

‘ఆదిపురుష్’ 2023 జూన్ 16న విడుదలైంది. రాముడుగా ప్రభాస్, తెర నిండా గ్రాఫిక్స్, ప్రేక్షకుడి ముక్కు మీద 3డి కళ్లజోడు. రాయ్‌పూర్‌కు అది మామూలు సినిమా కాదు. నగరానికి దగ్గర్లోని చంద్‌ఖురీని కౌసల్య పుట్టిల్లుగా కొలిచే ప్రాంతమిది. అంటే రాముడు ఇక్కడివాళ్లకు దేవుడే కాదు, మేనల్లుడు కూడా. మేనల్లుడి కథలో డైలాగులు విన్నాక ఛత్తీస్‌గఢ్ అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేలే మండిపడ్డారు. ప్రజలు కోరితే నిషేధం గురించి ఆలోచిస్తామన్నారు.

నిషేధం రాలేదు గానీ, అంతకన్నా ఆసక్తికరమైనది ఒకటి జరిగింది. వారం తిరక్కుండానే నిర్మాతలు 3డి టికెట్‌ను 150 రూపాయలకు దించారు. ఇంకో నాలుగు రోజులకు 112 రూపాయలన్నారు. కళ్లజోడు చార్జీ అదనం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు, కేరళకు 150 రూపాయల తగ్గింపు లేదని కూడా ప్రకటించారు. తెలుగు హీరో సినిమా హైదరాబాద్‌లో పాత ధరకు, రాయ్‌పూర్ వంటి హిందీ మార్కెట్లలో సగం ధరకు ఆడింది.

సినిమా అదే. తెర, ప్రొజెక్టర్, కళ్లజోడు కూడా అవే. మరి మొదటి ఆదివారం కుటుంబ సమేతంగా వెళ్లి పూర్తి ధర చెల్లించిన వాళ్లు దేనికి చెల్లించినట్టు? ప్రీమియం టికెట్ల గురించి అడగాల్సిన ప్రశ్న ఇదే. ఎక్కువ ధర పెట్టి కొన్నది మెరుగైన బొమ్మా, లేక కేవలం తొందరా?

ముందు 3డి సంగతి. మన రెండు కళ్లూ ఒకే వస్తువును కాస్త వేర్వేరు కోణాల్లో చూస్తాయి. ఆ తేడాను బట్టి మెదడు లోతును లెక్కగడుతుంది. 3డి సినిమా చేసేది ఆ తేడాను తెర మీద కృత్రిమంగా పుట్టించడమే. ప్రొజెక్టర్ ఎడమ కంటి బొమ్మను, కుడి కంటి బొమ్మను మార్చిమార్చి వేస్తుంది. కళ్లజోడు ఏ కంటి బొమ్మను ఆ కంటికే పంపుతుంది. ఇక్కడే పేచీ. ఒక్కో కంటికి సగం సమయమే వెలుగు అందుతుంది. అందులోంచి ప్రొజెక్టర్ ముందుండే ఫిల్టర్, ముక్కు మీది అద్దం కొంత మింగేస్తాయి. మామూలు సినిమాకు తెర మీద 14 ఫుట్‌ల్యాంబర్ట్‌ల వెలుగు ఉండాలన్నది ప్రమాణం. 3డిలో చాలాచోట్ల అందులో మూడో వంతుతో సరిపెట్టుకుంటారు. ప్రొజెక్టర్‌లోని జెనాన్ దీపం పాతబడి, దాన్ని మార్చడానికి యాజమాన్యం చెయ్యి రాకపోతే అది కూడా దక్కదు. రాత్రి యుద్ధాలు, గుహలు, లంకా నగరం వంటి దృశ్యాలు బురదలో ముంచి తీసినట్టు కనిపించడానికి కారణం దర్శకుడే అనుకోనక్కర్లేదు. లేజర్ ప్రొజెక్టర్ ఉన్న హాళ్లలో పరిస్థితి చాలా మెరుగు. కానీ బుకింగ్ యాప్‌లో ‘3డి’ అని పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది తప్ప వెలుగు ఎంతో ఎవరూ రాయరు.

వెలుగు బాగున్నా మరో మెలిక ఉంది. రెండు కళ్ల కెమెరాలతో చిత్రీకరించిన 3డి వేరు, మామూలుగా తీసి తర్వాత కంప్యూటర్‌లో లోతు అతికించిన 3డి వేరు. 2009 నాటి ‘అవతార్’ మొదటి రకం. ఆ విజయం చూసి హాలీవుడ్ ఎగబడింది. 2010లో వచ్చిన ‘క్లాష్ ఆఫ్ ది టైటన్స్’ను ఆఖరి వారాల్లో హడావుడిగా 3డిలోకి మార్చారు. అట్టముక్కల్లో కత్తిరించిన మనుషుల్లా కనిపించారని జనం నవ్వుకున్నారు. అమెరికాలో 3డి వసూళ్లు ఆ 2010లోనే శిఖరానికి చేరి, తర్వాత జారిపోయాయి. ఇంట్లో చూసుకునే 3డి టీవీలనైతే 2017కల్లా పెద్ద కంపెనీలు మానేశాయి. తెలుగులో 2015 నాటి ‘రుద్రమదేవి’ని గుణశేఖర్ 3డి కెమెరాలతోనే తీశారు. 2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’కు మాత్రం లోతు తర్వాత చేరింది. ‘ఆర్ఆర్ఆర్’ను మామూలు తెరపై చూసినవాళ్లు ఏమీ పోగొట్టుకోలేదు. ‘అవతార్’ను అలా చూసినవాళ్లు మాత్రం సగం సినిమానే చూశారు. 2025 డిసెంబర్‌లో వచ్చిన మూడో ‘అవతార్’కూ ఇదే వర్తిస్తుంది. కళ్లజోడుకు డబ్బు పెట్టదగిన సినిమాలు ఏడాదికి ఒకటో రెండో ఉంటాయనడం పిసినారితనం కాదు.

పెద్ద తెర విషయం ఇంత సులువుగా తేలదు. అందులో నిజంగానే మహిమ ఉంది. దాన్ని తెలుగువాళ్లకు రుచి చూపింది హైదరాబాద్‌లోని ప్రసాద్స్. 2003లో తెరిచినప్పుడు అక్కడి ఐమ్యాక్స్ తెర 95 అడుగుల వెడల్పు, 72 అడుగుల ఎత్తు. తర్వాత ఆ హాలుకు ఐమ్యాక్స్‌తో బంధం తెగిపోయినా, జనం నోట మాత్రం ఆ పేరు పోలేదు. నెక్లెస్ రోడ్డు వెళ్లే ఆటో ఎక్కి ‘ఐమ్యాక్స్’ అంటే చాలు. రెండో ‘అవతార్’ వేళకు, 2022 డిసెంబర్‌లో, అదే చోట 101.6 అడుగుల వెడల్పు, 64 అడుగుల ఎత్తు తెర వచ్చింది. దానికి మూడేళ్ల ముందే, 2019 ఆగస్టులో, ‘సాహో’ విడుదలతో సూళ్లూరుపేటలో వందడుగుల వెడల్పు, 54 అడుగుల ఎత్తు తెర లేచింది. శ్రీహరికోట రాకెట్ల పక్కన ఉండే చిన్న పట్నంలో అంత తెర ఉంటుందని అప్పటిదాకా ఎవరు ఊహించారు?

అయితే ఇక్కడ చిన్న లెక్క వేయాలి. మన భారీ చిత్రాల్లో ఎక్కువ భాగం వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువగా ఉండే స్కోప్‌లో తీస్తారు. వెడల్పు ఎత్తుకు 2.39 రెట్లు. ప్రసాద్స్‌లోని 101.6 అడుగుల తెరపై అలాంటి బొమ్మ వేస్తే దాని ఎత్తు 42 అడుగుల పైచిలుకు మాత్రమే. మిగతా 21 అడుగులు పైనా కిందా నల్లగా ఉంటాయి. అంటే తెరలో మూడో వంతు ఖాళీ. ఎత్తైన తెర ఉన్న ఏ ఊళ్లోనైనా ఇంతే. ఆ ఎత్తు కోసమే ప్రత్యేకంగా చిత్రీకరించిన సినిమా అయితే తప్ప ప్రేక్షకుడు కొంటున్నదాంట్లో కొంత నల్లగుడ్డ ఉంటుంది. 2025 నవంబర్‌లో రాజమౌళి తన ‘వారణాసి’ని ఐమ్యాక్స్ కోసం చిత్రీకరిస్తున్నట్టు ప్రకటించడం ఈ దృష్టితో చూస్తేనే పెద్ద వార్త. అలాంటి సినిమాకు పెద్ద తెర అలంకారం కాదు, అవసరం.

అడుగుల లెక్క ఎలా ఉన్నా, అంతిమంగా బొమ్మ సైజును నిర్ణయించేది కూర్చున్న చోటు. నలభై అడుగుల తెరకు 52 అడుగుల దూరంలో కూర్చున్నా, వందడుగుల తెరకు 130 అడుగుల దూరంలో కూర్చున్నా కంటికి బొమ్మ ఒకే సైజు. భారతీయ థియేటర్ల ధరల పద్ధతి తలకిందులయ్యేది ఇక్కడే. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అంటూ తెరకు దూరం జరిగేకొద్దీ రేటు పెంచుకుంటూ వచ్చాం. నేల టికెట్‌వాడు ఈలలు వేస్తాడు, బాల్కనీవాడు బిగుసుకు కూర్చుంటాడు. అది సినిమా చూసే పద్ధతి కాదు, సమాజాన్ని అంతస్తులుగా కూర్చోబెట్టే పద్ధతి. మల్టీప్లెక్స్ ఆ అలవాటునే రిక్లైనర్‌గా మార్చి చివరి వరుసలో పెట్టింది. పెద్ద తెర కోసం అదనంగా ఇచ్చి, కాళ్లు చాపుకోవడానికి మరికొంత ఇచ్చి, తీరా ఆ తెర చిన్నదిగా కనిపించే చోట పడుకోవడం చూస్తే, ఇది నిద్రకు కట్టే అద్దె అనిపిస్తుంది. హాలు మధ్య నుంచి కొంచెం ముందుకు, అడ్డంగా నడుమన ఉండే సీట్లే అసలైన ప్రీమియం. అవి తరచూ రిక్లైనర్ కంటే చవకగానే దొరుకుతాయి. 3డికైతే పక్క చివర సీట్లు అసలు పనికిరావు. లోతు వంకరపోతుంది.

ధరల మీద ప్రభుత్వాలు చెయ్యి వేయలేదని కాదు. ఆంధ్రప్రదేశ్ 2021 ఏప్రిల్‌లో పల్లె థియేటర్లలో 5 రూపాయల టికెట్ దాకా దింపింది. పరిశ్రమ గగ్గోలు పెట్టాక 2022 మార్చిలో 20 నుంచి 250 రూపాయల మధ్యకు సవరించింది. తెలంగాణ 2021 డిసెంబర్‌లో మల్టీప్లెక్సులకు 100 నుంచి 250, రిక్లైనర్లకు 300 అంది. పేరుకు గరిష్ఠ పరిమితులివి. పెద్ద హీరో సినిమా రాగానే వాటికి మినహాయింపు జీవో వస్తుంది. 2024 డిసెంబర్‌లో ‘పుష్ప 2’ ముందురోజు రాత్రి ఆటకు తెలంగాణ అదనంగా 800 రూపాయలు వసూలు చేసుకోనిచ్చింది. ఆ 800 పెద్ద తెరకూ కాదు, మంచి శబ్దానికీ కాదు. ఊళ్లో అందరికన్నా ముందు చూడటానికి. ఆ రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక మహిళ ప్రాణం పోయింది. కర్ణాటక 2025 సెప్టెంబర్‌లో 200 రూపాయల పరిమితి విధించింది. హైకోర్టు స్టే ఇచ్చింది. అదే వ్యవహారం విచారణకు వచ్చినప్పుడు నీళ్ల సీసాకు 100, కాఫీకి 700 వసూలు చేస్తే ఎలాగని సుప్రీంకోర్టు అడిగింది. హాలు బయట రెండో టికెట్ ఉంటుందన్నది పాప్‌కార్న్ కొన్న ఏ తండ్రికైనా తెలిసిన విషయమే.

పన్ను సంగతి కూడా చూడాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 100 రూపాయల లోపు టికెట్‌పై జీఎస్టీ 5 శాతం. ఆపైన 18 శాతం. 350 రూపాయల టికెట్‌లో 53 రూపాయలు పన్నే. రాయ్‌పూర్‌లో ఈ గీత రెండు రకాల సినిమాలను విడదీస్తుంది. సరిగ్గా రాష్ట్రం ఏర్పడే రోజుల్లో, 2000లో, ‘మోర్ ఛైహాఁ భుఇయాఁ’ అనే ఛత్తీస్‌గఢీ చిత్రం వచ్చింది. నెలల తరబడి ఆడి ఇక్కడో స్థానిక పరిశ్రమ ఉందని అందరికీ గుర్తు చేసింది. 2024లో దాని రెండో భాగం వచ్చింది. ఆ సినిమాలను బతికించేది ఎడ్లబండి రోజుల నుంచీ సినిమాకు వస్తున్న పల్లె ప్రేక్షకుడు, అతడు భరించగల టికెట్. అతడికి 3డి అద్దాలు ఎవరూ అమ్మజూపలేదు. అతడు అడగనూ లేదు.

రాయ్‌పూర్‌లోని తెలుగువాళ్ల చిక్కు ఇంకో రకం. 1931లో విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కు రైలు మార్గం పూర్తయింది. ఆ పట్టాల వెంట వచ్చినవాళ్లు కొందరు. 1950ల చివర్లో భిలాయ్ ఉక్కు కర్మాగారం పనులకు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి తరలివచ్చినవాళ్లు ఇంకొందరు. ఇప్పుడు మూడో తరం నడుస్తోంది. తాత తెలుగులో నవ్వుతాడు, మనవడు హిందీలో. పెద్ద తెలుగు సినిమా వస్తే ఊరంతా దాన్ని హిందీలోనే చూస్తుంది. పెద్ద తెర, 3డి, మంచి వేళలు అన్నీ హిందీ డబ్బింగ్‌కే. ఎప్పుడైనా తెలుగు ఆట పడితే అది మామూలు తెర మీద, ఉదయమో అర్ధరాత్రికి ముందో ఒక్క షో. కాబట్టి ఈ ఇంట్లో ప్రశ్న 350 పెట్టాలా 200 పెట్టాలా అన్నది కాదు. పెద్ద బొమ్మ కోసం భాష వదులుకోవాలా, భాష కోసం బొమ్మ వదులుకోవాలా అన్నది.

సినిమాలో లోతు కళ్లజోడు నుంచే రావాలని లేదు. ఎన్టీఆర్ నోట గోండు యువకుడి మాట ఏ యాసలో వస్తుందో, కీరవాణి పాటలో ఏ పదం మీద ఊపిరి ఆగుతుందో డబ్బింగ్‌లో పోతుంది. వంద అడుగుల తెర కూడా దాన్ని తిరిగి తేలేదు. అమ్మమ్మను తీసుకెళ్లేవాళ్లు ఈ లెక్క ఇప్పటికే తేల్చుకున్నారు. ఆవిడ కళ్లజోడు మీద ఇంకో కళ్లజోడు పెట్టుకోలేదు. అది జారిపోతుంది, తల నొప్పి పుడుతుంది, ఇంటర్వెల్‌కల్లా తీసి ఒళ్లో పెట్టుకుని రెండేసి బొమ్మలు చూస్తుంది. తెలుగు ఆట అయితే మామూలు తెర మీదైనా ఆవిడ మాటకు ముందే నవ్వేస్తుంది. అందుకే ఆదివారం పొద్దున్నే భిలాయ్ నుంచి రైలెక్కి రాయ్‌పూర్‌లో దిగే కొన్ని కుటుంబాలు యాప్‌లో మొదట చూసేది తెర పరిమాణం కాదు. ఆట పేరు పక్కన బ్రాకెట్‌లో ‘తెలుగు’ అని ఉందా లేదా అని.