తప్పు పైలట్‌దేనా?

సైకాలజీ అంటే మన సీఎస్ఈ వాళ్లకు చిన్నచూపు. రెండో ప్రపంచ యుద్ధంలో బి-17 బాంబర్లు నేల మీద దిగాక, పైలట్లు ఫ్లాప్స్ బదులు చక్రాలు పైకి లాగేసేవాళ్లు. అందరూ పైలట్లనే తిట్టారు. ఆల్ఫాన్స్ చపానిస్ అనే సైకాలజిస్ట్ కాక్‌పిట్ చూశాడు: రెండు స్విచ్‌లూ పక్కపక్కనే, ఒకేలా! ఒకదానికి చిన్న రబ్బరు చక్రం, ఇంకోదానికి రెక్కలాంటి ముక్క తగిలించాడు. తడిమితే చాలు, తెలిసిపోతుంది. మా ఆత్మకూర్‌లో బోరు స్టార్టర్‌కి పచ్చ బటన్, ఎర్ర బటన్ లేవా? అట్లనే.

కానీ అన్నీ బటన్లతో తీరవు. 2010 మే 22న మంగళూరు ప్రమాదంలో 158 మంది పోయారు. కెప్టెన్ దారిలో గంటన్నరకు పైగా నిద్రపోయాడని విచారణలో తేలింది. కో-పైలట్ మళ్లీ పైకి లేపమని మూడుసార్లు చెప్పాడు, కంట్రోల్స్ మాత్రం తన చేతిలోకి తీసుకోలేదు. సీనియర్‌కి ఎదురు చెప్పలేకపోవడం మనకు కొత్తా? దీన్ని ఏ కంపైలర్ పట్టుకుంటుంది? ఇలాంటివాటి మీద రీసెర్చ్ చేయడం కూడా కెరీరే. నేనైతే హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్ ఎలెక్టివ్ పెట్టుకుంటున్నా. ఫ్రెండ్స్ నవ్వుతున్నరు, నవ్వనీ.