తెల్లని అన్నము - తల్లి యెరుక

పాపికొండలు దాటి పట్టిసీమను చేరిన గోదావరి దిగువ నేలలను వరిచేలతో నింపుచున్నది. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప ఈ డెల్టా ధాన్యాగారమని పేరొందెను. అయినను 20వ శతాబ్ది పూర్వార్ధమున, ఉత్తర సర్కారులనబడిన కోస్తా జిల్లాలలో బెరిబెరి వ్యాధి తల్లులను, చంటిబిడ్డలను పీడించెను. గాదెలు నిండియున్నచోట ఈ లోపమేల కలిగెను?

బియ్యపుగింజపై నున్న తవుటిపొరలో థయమిన్ అను విటమిను గలదు. మరలో మిక్కిలి తెల్లగా పట్టించినచో ఆ పొర తొలగిపోవును. పలుమార్లు కడిగి గంజి వార్చినచో మిగిలినదియు పోవును. తల్లికి ఆ విటమిను కొరవడగా, ఆమె పాలు త్రాగు శిశువునకును కొరవడెను. సారము పశువుల కుడితిలో చేరెను. తెలుపు మాత్రము విస్తరిలో మిగిలెను. ఉప్పుడు బియ్యము తిను ప్రాంతములలో ఈ వ్యాధి అరుదు. ధాన్యమును ఉడికించునపుడు ఆ విటమిను గింజలోనికి ఇంకును.

ఇందు తల్లులను నిందింపరాదు. తెల్లని అన్నమే మర్యాదయని లోకము వారికి నేర్పెను. ఏమి వండవలెనో నిర్ణయించు భారమును తల్లిపై నుంచి, అందుకు వలసిన జ్ఞానమును అందింపకుండుట న్యాయమా?

నాటి వ్యాధి నేడు అరుదైనను రక్తహీనత తల్లులను విడువలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశమున 15-49 ఏండ్ల స్త్రీలలో 57 శాతము మందికి అది యున్నట్లు తేలెను. కావున చదువు నేర్చిన బాలబాలికలు ఆహారపు పొట్లముపై నున్న పోషకముల పట్టికను తల్లికి చదివి వినిపింపవలెను. అన్నము తెలుపు తగ్గినదని అలుగరాదు. అందరికిని వడ్డించి చివర కూర్చుండు తల్లికి పప్పు, ఆకుకూర మిగిలినవా యని చూడవలెను. అన్నపూర్ణ అర్ధాకలితో నున్న యిల్లు సుభిక్షము కానేరదు.