పంక్చర్ పేరుతో పందెం తాకట్టు

కారు నిక్షేపంగా పరుగెడుతుండగా 'టైరు పంక్చరైనట్టుంది, నెమ్మదించు' అని క్రూ చీఫ్ (కారు సిబ్బంది నాయకుడు) రేడియోలో చెబితే డ్రైవరు ఏమని అర్థం చేసుకోవాలి? 2022 అక్టోబరు 9న అమెరికాలోని షార్లెట్‌లో కార్ల రేసు చివరి ల్యాప్ తిరుగుతున్న కోల్ కస్టర్‌కు సరిగ్గా ఈ మాటే వినిపించింది. అతడు వేగం తగ్గించి వెనకవాళ్లకు అడ్డుపడ్డాడు. అతడి జట్టుకే చెందిన చేజ్ బ్రిస్కో ముందుకు దూసుకెళ్లి టైటిల్‌ను తేల్చే ప్లేఆఫ్స్ తర్వాతి దశలో అడుగుపెట్టాడు. పంక్చర్ కథను ఆ రేసుల నిర్వాహక సంస్థ నాస్కార్ నమ్మలేదు. కస్టర్‌కు, క్రూ చీఫ్‌కు చెరో లక్ష డాలర్ల జరిమానా వేసింది. బ్రిస్కో స్థానం జోలికి మాత్రం పోలేదు.

రెండేళ్లు దాటగానే ఆ నాటకానికి ఇంకా పెద్ద ప్రదర్శన జరిగింది. 2024 నవంబరు 3న వర్జీనియాలోని మార్టిన్స్‌విల్‌లో. అర మైలుకు కాస్త ఎక్కువ పొడవుండే ఇరుకు ట్రాక్ అది. టైటిల్ పోరుకు మిగిలిన చివరి బెర్తు కోసం షెవర్లే నడుపుతున్న విలియం బైరన్, టయోటా నడుపుతున్న క్రిస్టఫర్ బెల్ పోటీలో ఉన్నారు. బైరన్ ఒక్క స్థానం జారినా బెర్తు బెల్‌దే. బైరన్ వెనకే రాస్ చస్టెయిన్, ఆస్టిన్ డిల్లన్ పక్కపక్కన సాగుతున్నారు. ఇద్దరివీ షెవర్లేలే. బైరన్‌ను దాటే ప్రయత్నం వాళ్లు చేయరు, తమ వెనకవాళ్లను దాటనివ్వరు. ట్రాక్ మీద కార్ల గోడ కట్టినట్టే. అవతల టయోటా డ్రైవర్ బబ్బా వాలెస్ ఉన్నట్టుండి నెమ్మదించి బెల్‌కు దారి వదిలాడు. టైరు దిగిపోతోందనుకున్నానన్నది అతడి సంజాయిషీ. మళ్లీ అదే టైరు!

ఆ దారిలో దూసుకొచ్చిన బెల్ ట్రాక్ అంచు గోడను రాసుకుంటూ ముగింపు గీత దాటాడు. గోడను ఆసరా చేసుకోవడం భద్రతా నిబంధనలకు విరుద్ధమని దాదాపు అరగంట తర్జనభర్జన తర్వాత అధికారులు తేల్చి బైరన్‌ను టైటిల్ పోరుకు పంపారు. ఇదే ట్రాక్‌పై 2022లో గోడ వెంబడి దూసుకెళ్లి ఫైనల్ చేరింది సాక్షాత్తూ చస్టెయినే. అప్పుడు దాన్ని సాహసమన్నారు! సరే, అది వేరే చర్చ. రెండు రోజుల తర్వాత, ఈ సాయాలు చేసిన మూడు జట్లకూ, ముగ్గురు డ్రైవర్లకూ తలా లక్ష చొప్పున మొత్తం 6 లక్షల డాలర్ల జరిమానా, 50 పాయింట్ల కోత పడ్డాయి. క్రూ చీఫ్‌లను, స్పాటర్లను (ట్రాక్‌ను గమనిస్తూ డ్రైవర్లకు రేడియోలో దారి చెప్పేవారిని), జట్ల అధికారులను ఒక రేసుకు దూరం పెట్టారు. వినడానికి కఠినమే. కానీ డిల్లన్, చస్టెయిన్, వాలెస్ ముగ్గురూ అప్పటికే టైటిల్ రేసులో లేరు. వాళ్లకు 50 పాయింట్లు పోతే ఎంత, ఉంటే ఎంత? ఇది శిక్ష కాదు, కంటితుడుపు. తప్పు రుజువైంది, తప్పుతో వచ్చిన ఫలితం చెక్కుచెదరలేదు.

ఫలితాన్ని సరిదిద్దడం అసాధ్యమేమీ కాదు. నాస్కారే ఒకసారి చేసి చూపింది. 2013 సెప్టెంబరు 7 రాత్రి రిచ్‌మండ్‌లో మరో ఏడు ల్యాపులుండగా ర్యాన్ న్యూమన్ ముందంజలో ఉన్నాడు. గెలిస్తే 'చేజ్'లో (అప్పట్లో ప్లేఆఫ్స్ పేరు అదే) చోటు ఖాయం. అంతలో మైఖేల్ వాల్‌ట్రిప్ జట్టు డ్రైవర్ క్లింట్ బోయర్ కారు గిరగిరా తిరిగింది. అంతకు కాస్త ముందే చెయ్యి నొప్పిగా ఉందా, దురద పెడుతోందా అంటూ అతడి క్రూ చీఫ్ రేడియోలో కుశల ప్రశ్నలు వేశాడు. కారు తిరిగిన తర్వాత, బాగానే నడుస్తున్న బ్రయాన్ వికర్స్‌ను జట్టు అధికారి టై నోరిస్ పిట్‌లోకి రమ్మన్నాడు. ఎందుకో అర్థంకాక వికర్స్ విస్తుపోయాడు. న్యూమన్ గెలుపు చేజారింది, లాభం అదే జట్టులోని మార్టిన్ ట్రూఎక్స్‌కు దక్కింది. బోయర్ కావాలని తిప్పాడని రుజువు కాకపోయినా, రెండు రోజుల్లో నాస్కార్ 3 లక్షల డాలర్ల జరిమానా వేసింది, ట్రూఎక్స్‌ను తప్పించి న్యూమన్‌ను చేర్చింది. ఆ వారాంతంలోపే, రెండు వేరే జట్ల లోపాయికారీ బేరంతో ఒక్క పాయింటు తేడాతో దెబ్బతిన్న జెఫ్ గోర్డన్‌కు పదమూడో సీటు సృష్టించింది. చూడ్డానికి అతుకులబొంతలా ఉన్నా అన్యాయానికి గురైనవాడికి న్యాయం దక్కింది. అందులోనూ లొసుగుంది. బోయర్ పాయింట్లను చేజ్ కోసం లెక్కలు కొత్తగా మొదలయ్యే ముందు కోయడంతో అతడు దర్జాగా చేజ్‌లో కొనసాగాడు. అసలు దెబ్బ స్పాన్సర్ కొట్టింది. ఆ సీజన్ ముగియగానే నాపా తప్పుకుంది, 2015 తర్వాత జట్టే మూతపడింది.

బైరన్‌కు కుట్ర తెలిసినట్టు ఆధారం లేదు కదా, అతడినెలా శిక్షిస్తారని వాదించేవారున్నారు. 2013లో ట్రూఎక్స్ విషయంలోనూ ఆధారం లేదు. అక్రమంగా వచ్చిన స్థానాన్ని వెనక్కి తీసుకోవడం శిక్ష కిందికి రాదు. కుమ్మక్కులో నష్టపోయేది ఎప్పుడూ ఆ రేడియో సంభాషణల్లో లేనివాడే. ఈ బాధ తెలుగువారికి కొత్త కాదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప బ్యాడ్మింటన్ జోడీ ఒకే ఒక్క పాయింటు తేడాతో క్వార్టర్‌ఫైనల్స్‌కు దూరమైంది. జపాన్ జోడీ చైనీస్ తైపీ చేతిలో ఓడిన తీరుపై భారత్ ఫిర్యాదు చేసినా ఫలితం లేకపోయింది. అనుమానం రుజువు కాలేదు, నిజమే. కానీ ఆ మర్నాడే అదే పోటీలో వేరే గ్రూపుల నుంచి నాలుగు జోడీలను కావాలని ఓడేందుకు ఆడినందుకు ఇంటికి పంపారు. వాటి స్థానాలు ఇతరులకు దక్కాయి. టోర్నీ మధ్యలోనే దిద్దుబాటు సాధ్యమని అక్కడా తేలింది.

జట్టు ఆదేశాలు రేసింగ్‌లో సహజమేనని, ఫార్ములా వన్ 2011 నుంచి వాటిపై నిషేధం ఎత్తేసిందని గుర్తుచేస్తారు. ఆ పోలిక ఇక్కడ అతకదు. ఫార్ములా వన్‌లో ఒక యజమాని, రెండు కార్లు, జట్టుకూ ఒక టైటిల్. తమ్ముడు అన్నకు దారిస్తాడని టికెట్టు కొన్న ప్రతివాడికీ తెలుసు. బైరన్ హెండ్రిక్ డ్రైవరు, చస్టెయిన్‌ది ట్రాక్‌హౌస్, డిల్లన్‌ది రిచర్డ్ చిల్‌డ్రెస్ జట్టు. మూడూ వేర్వేరు సంస్థలు, వారం వారం ఒకదానితో ఒకటి పోటీ పడాల్సినవి. వాటిని కలిపింది బానెట్ మీది కంపెనీ గుర్తు. డేటోనా ట్రాక్‌పై గాలి ఒరవడి కోసం ఇద్దరు డ్రైవర్లు చేతులు కలిపితే ఇద్దరూ వేగం పెంచుకుంటారు, అది రేసులో భాగం. ఓడిపోవడానికి చేతులు కలపడం ఆ కోవలోకి రాదు.

2013లోనే 'నూటికి నూరు శాతం' పోటీపడాలన్న నిబంధన వచ్చింది. 2025 నుంచి కార్ల తయారీ కంపెనీల మీదా వేటు వేసే వీలు కల్పించారు. 2026లో ప్లేఆఫ్స్ నాకౌట్ పద్ధతికి స్వస్తి చెప్పి, పది రేసుల చేజ్‌ను తిరిగి తెచ్చారు. మంచి నిర్ణయమే. ఒక్క పాయింటు మీద ఏడాది కష్టమంతా వేలాడే దుస్థితి కొంత తగ్గింది. కానీ చేజ్‌లో చివరిదైన పదహారో స్థానం కోసం, సీజన్ చివరి వారం టైటిల్ కోసం ఇదే కుమ్మక్కు మళ్లీ తలెత్తదన్న భరోసా ఏదీ? ప్రధాన సిరీస్‌లో షెవర్లే, ఫోర్డ్, టయోటా మూడే కంపెనీలు. ఎటుచూసినా బంధువులే.

నాస్కార్ ముందున్న మార్గం సూటిగానే ఉంది. ఆదివారం రాత్రి ఫలితం ఖరారు చేసి, మంగళవారం జరిమానాలు ప్రకటించే వరసను తిరగేయాలి. బెర్తులు తేల్చే రేసుల్లో అందరి రేడియో రికార్డులు విని, కారు కంప్యూటర్‌లోని బ్రేకు, యాక్సిలరేటర్ లెక్కలు చూశాకే జాబితా విడుదల చేయాలి. లోపాయికారీ సాయంతో దక్కిన ప్రతి స్థానాన్నీ లెక్క నుంచి తీసేయాలి, పొందినవాడికి తెలిసినా తెలియకపోయినా. పంక్చర్ అన్న జట్టు ఆ టైరును రేసు అయిన వెంటనే తనిఖీ అధికారుల చేతిలో పెట్టాలి.